పై మెట్టుకు ఒక్క మెట్టు దిగువన

మైక్ హెస్‌మన్ అనే పేరు మన దగ్గర ఎక్కువమంది విని ఉండరు. బేస్‌బాల్ పుట్టిపెరిగిన అమెరికాలో కూడా ఆ పేరు చెబితే వెంటనే గుర్తుపట్టేవాళ్లు తక్కువే. అలాంటి మనిషి పేరు మీద ఒక రికార్డు ఉంది. అమెరికా మైనర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హోమ్‌రన్లు కొట్టింది ఆయనే. మొత్తం 433. ఆ 433వ హోమ్‌రన్ 2015 ఆగస్టు 3న ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో కొట్టారు. మూడు బేస్‌ల మీదా తన జట్టువాళ్లు నిలబడి ఉండగా బంతి కంచె దాటింది. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. 78 ఏళ్లుగా ఎవరూ దాటని లెక్క ఆ రాత్రితో మారిపోయింది.

అదే ఏడాది ఆయన ఆట మానేశారు. తర్వాత బ్యాటింగ్ కోచ్ అయ్యారు. ఈ రోజు ఆయన గురించీ, ఆయనలాంటి మరికొందరి గురించీ మాట్లాడతాను. ఏళ్ల తరబడి అట్టడుగున కాకుండా, అగ్రస్థానంలోనూ కాకుండా, సరిగ్గా ఒక మెట్టు కింద పనిచేసినవాళ్లు వీళ్లు. వాళ్ల దగ్గర ఉన్న విద్యకు రావలసినంత గౌరవం రాలేదని నా నమ్మకం.

ముందుగా ఆ మెట్ల సంగతి చెప్పాలి. అమెరికాలో మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. న్యూయార్క్ యాంకీస్, డెట్రాయిట్ టైగర్స్, ఇలాంటివి. ప్రతి మేజర్ జట్టుకూ కింద కొన్ని అనుబంధ జట్లుంటాయి. అన్నిటికంటే పైన ట్రిపుల్-ఎ, దాని కింద డబుల్-ఎ, ఆ కింద హై-ఎ, సింగిల్-ఎ, ఇంకా కింద కొత్తవాళ్లకు శిక్షణ లీగులు. హైస్కూలు నుంచో కాలేజీ నుంచో తీసుకున్న కుర్రాణ్ని కింది మెట్టు మీద దింపుతారు. బాగా ఆడితే పైకి పంపుతారు, ఆడకపోతే కిందికి దింపుతారు, కాదనుకుంటే ఇంటికి పంపించేస్తారు. ఈ మైనర్ జట్లు చిన్నచిన్న నగరాలవి. మైదానం ఊరిది, టికెట్లు కొనేది ఊరివాళ్లు. ఆటగాడికి జీతమిచ్చేదీ, రేపు వాడు ఎక్కడ ఆడాలో చెప్పేదీ మాత్రం ఎక్కడో ఉన్న పెద్ద జట్టు.

ఇప్పుడు ఆ రికార్డు సంగతి మళ్లీ చూడండి. మైనర్ లీగుల్లో 433 హోమ్‌రన్లు కొట్టాలంటే ఏం కావాలి? ఇరవై ఏళ్లపాటు ఎవరో ఒకరు ఉద్యోగం ఇచ్చేంత బాగా ఆడాలి. అదే సమయంలో, పై లీగ్‌లో స్థిరపడేంత బాగా ఆడకూడదు. నిజంగా గొప్పగా ఆడేవాడు రెండు మూడేళ్లలో పైకి వెళ్లిపోతాడు. ఆడలేనివాణ్ని అంతకంటే ముందే ఇంటికి పంపుతారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి దారి మీద రెండు దశాబ్దాలు నడిచినవాడికే ఆ అంకె దక్కుతుంది. 1988లో వచ్చిన ‘బుల్ డర్హమ్’ అనే సినిమాలో క్రాష్ డేవిస్ అనే పాత్ర ఇలాంటిదే. ముసలివాడవుతున్న మైనర్ లీగ్ క్యాచర్. హోమ్‌రన్ల రికార్డుకు దగ్గరపడినా ఆ మాట ఎవరికీ చెప్పొద్దంటాడు. ఆ సినిమా రాసి తీసిన రాన్ షెల్టన్ స్వయంగా బాల్టిమోర్ సంస్థలో ట్రిపుల్-ఎ దాకా ఆడినవారు, మేజర్ లీగ్ చూడనివారు. అందుకే ఆ పాత్రలోని మొహమాటం అంత నిజంగా ఉంటుంది. ఒక్క విషయం, సినిమాలో రికార్డును 247 హోమ్‌రన్లుగా ఊహించుకున్నారు. అసలు రికార్డు అప్పటికే అంతకు చాలా పైన, 432 దగ్గర ఉంది.

ఆ 432 కొట్టినవారు బజ్ ఆర్లెట్. కాలిఫోర్నియా మనిషి. ఓక్‌లండ్ ఓక్స్ జట్టులో ముందు పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా మొదలుపెట్టి, తర్వాత బ్యాటర్‌గా మారారు. 1931లో ఒకే ఒక్క సీజన్ ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున మేజర్ లీగ్ ఆడారు. సగటు .313, హోమ్‌రన్లు 18. చాలామంది పెద్ద ఆటగాళ్లు కళ్లకద్దుకునే లెక్క ఇది. ఫీల్డింగ్ బాగాలేదన్నారు, పంపించేశారు, మళ్లీ పిలవలేదు. ఆ మరుసటి ఏడాదే మైనర్ లీగ్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్‌రన్లు కొట్టిన రోజులు ఆయనకు రెండున్నాయి. ఆర్లెట్‌కు అన్యాయం జరిగిందనే నేను అనుకుంటాను. 1937లో ఆయన ఆట ముగిసినప్పుడు ఆగిన ఆ అంకె హెస్‌మన్ వచ్చేదాకా అలాగే ఉంది. మెక్సికన్ లీగ్‌ను కూడా కలిపి చూసేవాళ్లు ఎక్టర్ ఎస్పినో పేరు చెబుతారు. ఆయన ఆ ఒక్క లీగ్‌లోనే 453 కొట్టారు. హెస్‌మన్ రికార్డు అమెరికా గడ్డ మీది మైనర్ లీగులకు సంబంధించినది.

హెస్‌మన్ 1978లో కాలిఫోర్నియాలో పుట్టారు. 1996లో హైస్కూలు ముగియగానే అట్లాంటా బ్రేవ్స్ ఆయన్ని 15వ రౌండులో ఎంచుకుంది. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, బలమైన చేతులు. ఎక్కువగా థర్డ్ బేస్, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడేవారు. మేకన్, గ్రీన్‌విల్, రిచ్‌మండ్, ఇలా బ్రేవ్స్ వాళ్ల మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కుతూ ఏడేళ్లకు, 2003లో, అట్లాంటాకు చేరారు. అక్కడ నిలవలేదు. 2005లో డెట్రాయిట్ టైగర్స్ సంస్థలోకి వచ్చి, టొలీడోలోని వాళ్ల ట్రిపుల్-ఎ జట్టులో దిగారు. తర్వాత బఫలో, జపాన్‌లో ఓరిక్స్ బఫలోస్, మళ్లీ అమెరికా వచ్చి ఓక్లహామా సిటీ, లూయీవిల్, చివరికి మళ్లీ టొలీడో. మధ్యలో అప్పుడప్పుడు పైనుంచి పిలుపు. అట్లాంటా, డెట్రాయిట్, న్యూయార్క్ మెట్స్ అన్నీ కలిపి మేజర్ లీగ్‌లో ఆయన ఆడింది 109 మ్యాచ్‌లు. హోమ్‌రన్లు 14. బ్యాటింగ్ సగటు .188.

ఈ .188 గురించి కాస్త చెప్పాలి. బేస్‌బాల్‌లో సగటు అంటే వెయ్యి ప్రయత్నాలకు ఎన్నిసార్లు కొట్టి బేస్ చేరాడన్న లెక్క. మూడు వందలు అంటే అద్భుతం. అంటే పదిసార్లు వచ్చి ఏడుసార్లు ఔటైనవాడు ఆ ఆటలో మహారాజు. క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ఇది వింతగా ఉంటుంది. క్రికెట్ బ్యాటర్ నచ్చని బంతిని వదిలేసి రోజంతా నిలబడవచ్చు. బేస్‌బాల్ బ్యాటర్‌కు మూడు స్ట్రయికులే. పిచ్చర్ నిలబడే చోటు 18.44 మీటర్ల దూరం. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు చాలు. ఆ సమయంలోనే అది ఏ రకం బంతో గుర్తుపట్టాలి, కొట్టాలా వద్దా అని తేల్చుకోవాలి, గుండ్రటి బ్యాట్‌ను గుండ్రటి బంతికి సూటిగా ఆనించాలి. ఆటలన్నిటిలో ఇంతకంటే కష్టమైన పని ఇంకొకటి ఉందని నేను అనుకోను.

హెస్‌మన్‌కు బలం కొదవలేదు. మేజర్ లీగ్‌లో ఆయనకు దొరికిన అవకాశాలు రెండు వందల ఇరవై పైచిలుకు. వాటిలో 14 హోమ్‌రన్లంటే దాదాపు పదహారింటికి ఒకటి. పూర్తి సీజన్ ఆడనిస్తే ముప్ఫై దాటే లెక్క అది. ఇబ్బంది ఎక్కడంటే, స్ట్రయికౌట్లు ఎక్కువ. పెద్ద స్వింగ్‌లో ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని ‘హోల్’ అంటారు. ట్రిపుల్-ఎ పిచ్చర్ కూడా ఆ హోల్‌ను పసిగడతాడు, ఒక బంతి అక్కడికే విసురుతాడు. రెండో బంతి గురి తప్పుతుంది, మధ్యలోకి వస్తుంది, హెస్‌మన్ దాన్ని కంచె అవతలికి పంపిస్తారు. మేజర్ లీగ్ పిచ్చర్ గురి తప్పడు. వరసగా మూడు బంతులూ అదే హోల్‌లో వేస్తాడు. పై మెట్టుకూ దాని కింది మెట్టుకూ ఉన్న తేడా చాలావరకు ఇంతే. ఆ ఇంతలోనే ఎందరి జీవితాలో ఆగిపోతాయి. ట్రిపుల్-ఎకు మించినవాడు, మేజర్ లీగ్‌కు చాలనివాడు అనే అర్థంలో ఇలాంటివాళ్లను ‘ఫోర్-ఎ’ ఆటగాళ్లంటారు. నాకు ఆ పిలుపు అంతగా నచ్చదు. ఏ మెట్టుకూ చెందనివాళ్లన్న ధ్వని ఉంది అందులో.

హెస్‌మన్ ఒక మెట్టుకు చెందారు, ఒక ఊరికి చెందారు. టొలీడో గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఎరీ సరస్సు పక్కన, మామీ నది ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం. గాజు తయారీకి పేరు. జీప్ వాహనాలు తయారయ్యే ఊరు. వాళ్ల జట్టు పేరు మడ్ హెన్స్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ జట్టు ఆడే పార్కు చుట్టూ చిత్తడి నేల ఉండేది, అందులో తిరిగే నీటికోళ్ల పేరే జట్టుకు వచ్చింది. కొరియా యుద్ధం నేపథ్యంలో తీసిన ‘మ్యాష్’ అనే టీవీ ధారావాహికలో క్లింగర్ అనే పాత్ర టొలీడో వాడు. అతను ఈ జట్టు టోపీ పెట్టుకుని తిరగడంతో ఊరి పేరు దేశమంతా పాకింది. ఈ జట్టుకు సొంతదారు ఏ కోటీశ్వరుడూ కాదు, లూకస్ కౌంటీ ప్రజలదే జట్టు. 2005లో, 2006లో వరసగా వాళ్లు తాము ఆడే ఇంటర్నేషనల్ లీగ్‌లో విజేతలయ్యారు. 2005 గెలుపు 1967 తర్వాత మొదటిది. ఆ రెండు జట్లలోనూ హెస్‌మన్ ఉన్నారు. 2007లో ఇంటర్నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఆయనదే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టుతో వెళ్లి కాంస్య పతకం తెచ్చుకున్నారు. మేజర్ లీగ్‌లో ఉన్నవాళ్లను ఆ ఒలింపిక్స్‌కు పంపలేదు, కాబట్టి ఆ జట్టు దాదాపు అంతా మైనర్ లీగ్‌వాళ్లే. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, జేక్ అరియెటా లాంటి కుర్రాళ్లు ఆ జట్టు నుంచి పెద్ద పిచ్చర్లయ్యారు. 2014లో హెస్‌మన్ ఆలీ కార్నెగీ పేరిట ఉన్న 258 హోమ్‌రన్ల ఇంటర్నేషనల్ లీగ్ రికార్డునూ దాటారు. కార్నెగీ ఆ లీగ్‌లో అడుగుపెట్టిందే 32 ఏళ్ల వయసులో. ఈ మైనర్ లీగుల చరిత్ర తవ్వినకొద్దీ ఇలాంటి మనుషులు బయటపడుతూనే ఉంటారు.

ఆటగాళ్ల బతుకు ఎలా ఉండేదో కూడా చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. 2020 నాటికి ట్రిపుల్-ఎలో కనీస వేతనం వారానికి 502 డాలర్లు. సింగిల్-ఎలో 290. అదీ సీజన్ నడిచే అయిదారు నెలలకే. మిగతా నెలల్లో ఎక్కడో ఓ పని వెతుక్కోవాలి. అద్దె ఇంట్లో అయిదారుగురు కలిసి నేల మీద పరుపులేసుకుని పడుకోవడం మామూలు విషయం. హెస్‌మన్‌లాంటి అనుభవజ్ఞులు బేరమాడి ఇంకాస్త ఎక్కువ తెచ్చుకోగలిగేవారు కానీ, కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆ వీలు లేదు. 2014లో కొందరు ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఆ కేసు 2022లో 185 మిలియన్ డాలర్ల రాజీతో ముగిసింది. అదే ఏడాది మైనర్ లీగ్ ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023లో మొదటి ఒప్పందం కుదిరింది. ట్రిపుల్-ఎ కనీస వేతనం ఏడాదికి 35,800 డాలర్లకు పెరిగింది. దానికి ముందు అది 17,500. హెస్‌మన్ ఆట మానేసి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఆట మానేశాక ఏం చేయాలి? పద్దెనిమిదో ఏట ఈ దారిలోకి వచ్చి, ముప్ఫై ఏడో ఏట బయటపడ్డవాడికి చేతిలో ఉన్న విద్య ఒక్కటే. టైగర్స్ సంస్థ ఆయన్ని మైనర్ లీగ్ బ్యాటింగ్ కోచ్‌గా తీసుకుంది. కొన్నేళ్లకు ఆయన టొలీడోకే కోచ్‌గా తిరిగొచ్చారు.

ట్రిపుల్-ఎ బ్యాటింగ్ కోచ్ పని ఎలా ఉంటుందో చూద్దాం. మ్యాచ్ సాయంత్రం ఏడు గంటలకనుకోండి. కోచ్ మధ్యాహ్నానికే స్టేడియంలో ఉంటారు. వలలు కట్టిన పొడుగాటి గది ఒకటి ఉంటుంది, దాన్ని కేజ్ అంటారు. ఒక్కో కుర్రాడు వస్తాడు. ముందు రబ్బరు స్తంభం మీద బంతి పెట్టి కొట్టిస్తారు. తర్వాత కోచ్ ఓ అడ్డుతెర వెనక కూర్చుని దగ్గర్నుంచి మెల్లగా విసురుతారు. తర్వాత యంత్రం నుంచి వేగం బంతులు. ఆపైన మైదానంలోకి వెళ్లి అందరికీ ప్రాక్టీసు. అక్కడా విసిరేది ఎక్కువగా కోచ్‌లే. రోజూ వందల బంతులు. సీజన్ చివరికి భుజం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. దీనికి తోడు ఇప్పుడు లెక్కలు వచ్చాయి. బ్యాట్ పిడికి అతికించే సెన్సర్లు, బంతి ఎంత కోణంలో ఎంత వేగంతో లేచిందో చెప్పే కెమెరాలు, రాబోయే పిచ్చర్ ఏ బంతి ఎప్పుడు వేస్తాడో చెప్పే నివేదికలు. వాటన్నిటినీ చదివి, అందులోంచి కుర్రాడి చెవిలో వేయాల్సిన ఒక్క మాట ఏరుకోవాలి. అసలు నేర్పు అక్కడే ఉంది. మ్యాచ్‌కు ముందు అయిదు మాటలు చెప్పే కోచ్ అపకారం చేసినట్టే. సెకనులో పదింట నాలుగు వంతుల సమయంలో మనిషి అయిదు విషయాలు గుర్తుపెట్టుకోలేడు.

2021లో మైనర్ లీగులను మళ్లీ అమర్చినప్పుడు జట్ల సంఖ్య 120కి కుదించారు. అప్పటి నుంచి సాధారణంగా మంగళవారం మొదలు ఆదివారం దాకా ఒకే జట్టుతో వరసగా ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. పేరుకే అది సెలవు. ఆటగాడికీ కోచ్‌కూ చాలాసార్లు అది మరుసటి ఊరికి ప్రయాణం.

ట్రిపుల్-ఎ డ్రెస్సింగ్ రూమ్‌లో మూడు రకాల మనుషులుంటారు. కిందినుంచి ఎక్కుతూ, రేపో మాపో పైకి వెళ్లిపోతాననుకునే కుర్రాళ్లు. పైనుంచి దింపితే వచ్చినవాళ్లు. ఎటూ కదలక అక్కడే ఉండిపోయినవాళ్లు. ముగ్గురికీ స్వింగ్ ఒకేలా నేర్పవచ్చేమో కానీ, ముగ్గురితో ఒకేలా మాట్లాడలేం. అన్నిటికంటే కష్టం రెండోరకంతో. స్పెన్సర్ టోర్కెల్సన్ సంగతి చూడండి. 2020లో దేశమంతటి నుంచీ మొదటిగా ఎంపికైన కుర్రాడు. 2023లో డెట్రాయిట్ తరఫున 31 హోమ్‌రన్లు కొట్టాడు. 2024లో ఆట గాడి తప్పింది, జూన్‌లో టొలీడోకు దింపారు. నిన్నటిదాకా వేలమంది ముందు ఆడి, ఇవాళ చిన్న స్టేడియంలో చొక్కా మార్చుకోవాల్సిన మనిషి అతను. ఆగస్టులో మళ్లీ పైకి వెళ్లాడు. ఆ శరత్తులో టైగర్స్ పదేళ్ల తర్వాత పోస్ట్‌సీజన్‌కు చేరింది. ఇలా దిగి వచ్చినవాడికి మొదటి వారం బ్యాటింగ్ గురించి ఏమీ చెప్పకపోవడమే మంచిదని నాకనిపిస్తుంది. ఆ మాట ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియాలంటే, దింపుడు ఫోన్ తనకూ వచ్చి ఉండాలి. హెస్‌మన్‌కు ఆ ఫోన్ ఒకటికి పదిసార్లు తెలుసు. మూడు రకాల మనుషుల్లో మూడూ తనే అయినవాడు ఆయన.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. పై లీగ్‌లో .188 కొట్టినవాడు పై లీగ్‌కు వెళ్లే కుర్రాడికి ఏం నేర్పగలడు? ఈ ప్రశ్నను దాటవేయను. బేస్‌బాల్ చరిత్రే దీనికి జవాబిస్తుంది. 1970ల్లో కాన్సస్ సిటీ రాయల్స్‌కు చార్లీ లావ్ అనే బ్యాటింగ్ కోచ్ ఉండేవారు. ఆటగాడిగా మామూలు క్యాచర్, సగటు .255. 1974లో జార్జ్ బ్రెట్ అనే కుర్రాడు కొట్టలేక అవస్థ పడుతుంటే, లావ్ అతన్ని పక్కకు తీసుకెళ్లి నిలబడే తీరు నుంచి మొదలుపెట్టి మొత్తం తిరగరాశారు. శరీరం బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి ఎలా మారాలి, తల ఎలా కదలకుండా ఉంచాలి, ఇవీ ఆయన పాఠాలు. బ్రెట్ ఆ తర్వాత 1976, 1980, 1990లలో, అంటే మూడు వేర్వేరు దశాబ్దాల్లో, బ్యాటింగ్‌లో లీగ్ ప్రథముడయ్యారు. 1980లో అయితే .390 కొట్టారు. తన బ్యాటింగ్‌కు పునాది లావ్ వేశారని బ్రెట్ జీవితమంతా చెప్పుకున్నారు.

కెవిన్ లాంగ్ సంగతి ఇంకా గొప్పది. 1989లో ఆయన్ని 31వ రౌండులో రాయల్స్ తీసుకుంది. ఎనిమిదేళ్లు మైనర్ లీగుల్లో ఆడారు. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. తర్వాత కింది లీగుల్లో కోచింగ్ చేస్తూ చేస్తూ, 2007లో న్యూయార్క్ యాంకీస్‌కు బ్యాటింగ్ కోచ్ అయ్యారు. కోట్ల డాలర్ల ఆటగాళ్ల మధ్యకు, ఆ మైదానంలో ఎప్పుడూ ఆడని మనిషి వెళ్లి నిలబడ్డారు. 2010 ఆగస్టులో యాంకీస్ బ్యాటర్ కర్టిస్ గ్రాండర్సన్ ఎడమచేతి పిచ్చర్ల ముందు తేలిపోతున్నారు. లాంగ్ ఆయన్ని కేజ్‌లోకి తీసుకెళ్లి, చేతుల కదలిక తగ్గించి, బ్యాట్ మీద రెండు చేతులూ ఉంచి స్వింగ్ ముగించేలా మార్చారు. ఆ ఏడాది గ్రాండర్సన్ మొత్తం హోమ్‌రన్లు 24. మరుసటి ఏడాది 41. ఆ తర్వాత 43. యాంకీ స్టేడియంలో కుడివైపు కంచె దగ్గరగా ఉండటం ఎడమచేతి బ్యాటర్‌కు కలిసొచ్చిన మాట నిజమే. కానీ ఆ కంచె 2010 మొదటి సగంలోనూ అక్కడే ఉంది కదా. ఈ గ్రాండర్సన్ 2005లో టొలీడో మడ్ హెన్స్‌లో ఆడినవారే. అదే జట్టులో హెస్‌మన్ ఉన్నారు. ఒకరు పైకి వెళ్లారు, ఒకరు ఉండిపోయారు. లాంగ్ మాత్రం 2009లో యాంకీస్‌తో, 2019లో వాషింగ్టన్ నేషనల్స్‌తో ప్రపంచ సిరీస్ గెలిచారు.

బాగా ఆడటం ఒక విద్య, ఆడించడం మరో విద్య. ఆట సహజంగా వచ్చినవాడికి తను ఏం చేస్తున్నాడో గమనించాల్సిన అవసరమే రాదు. ప్రతి ఏడాదీ ఉద్యోగం నిలబెట్టుకోవడానికి తన స్వింగ్‌ను విప్పి చూసుకుని, మళ్లీ బిగించుకున్నవాడికి ప్రతి కీలూ తెలుస్తుంది. ఏ బంతికి తను ఎందుకు మోసపోయాడో హెస్‌మన్‌కు తెలిసినంత వివరంగా, ఎప్పుడూ మోసపోనివాడికి తెలియదు. ఇలా అంటే ఆడనివాళ్లు నేర్పలేరని కాదు. 2019లో యాంకీస్ రేచల్ బాల్కొవెక్‌ను మైనర్ లీగ్ బ్యాటింగ్ కోచ్‌గా నియమించింది. మేజర్ లీగ్ జట్ల సంస్థల్లో ఒక మహిళ పూర్తికాలపు బ్యాటింగ్ కోచ్ కావడం అదే మొదటిసారి. శరీర శాస్త్రం, కంటిచూపు కదలికలు, ఇలాంటి చదువుతో ఆమె వచ్చారు. ఆ చదువూ కావాలి, ఈ అనుభవమూ కావాలి.

పై మెట్టు మీద ఆడకుండానే మంచి కోచ్ అయినవారికి మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. అమోల్ ముజుందార్. 1994లో ముంబయి తరఫున రంజీ తొలి మ్యాచ్‌లోనే 260 పరుగులు చేశారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 11 వేల పైచిలుకు పరుగులు. భారత జట్టులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. కెరీర్ చివరి రోజుల్లో మన ఆంధ్ర జట్టుకు రంజీ ఆడారు. ఆ తర్వాత బ్యాటింగ్ కోచ్‌గా పనిచేసి, 2023లో భారత మహిళల జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ఆ జట్టు ప్రపంచకప్ గెలిచింది. గెలిచిన జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆంధ్ర జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో ముజుందార్ పక్కన కూర్చున్న కుర్రాళ్లు ఆయన దగ్గర ఏం నేర్చుకున్నారో ఎవరైనా కూర్చోబెట్టి అడిగి రాసి ఉంటే ఎంత బాగుండేది!

మైనర్ లీగ్ కోచ్ పనిలో ఇంకో కష్టం ఉంది. బాగా చేసినకొద్దీ చేతిలో ఉన్నవాళ్లను పోగొట్టుకోవాలి. ఏప్రిల్‌లో కొట్టలేని కుర్రాడు జూన్‌లో కొడుతుంటే, జులైలో ఫోన్ వస్తుంది. మేనేజర్ గదిలోకి పిలిచి డెట్రాయిట్ వెళ్లమంటారు. మరునాడు ఆ చోట డబుల్-ఎ నుంచి ఇంకొకడు వస్తాడు, పని మళ్లీ మొదలు. ఆ కుర్రాడు పైన హోమ్‌రన్ కొడితే టీవీలో పేరు వచ్చేది పై జట్టు కోచ్‌ది. మడ్ హెన్స్ విజయాల పట్టికలో కూడా ఆ కుర్రాడి హోమ్‌రన్లు ఇక చేరవు. జట్టు ఓడుతున్నా, వ్యక్తులు ఎదుగుతుంటే ఆ కోచ్ పని బాగా చేస్తున్నట్టే. ఊరి ప్రేక్షకుడికి అది రుచించకపోవచ్చు. టొలీడో ప్రేక్షకులు మాత్రం తరతరాలుగా దానికి అలవాటుపడ్డవాళ్లు. పైకి వెళ్లినవాడి ఆటను డెట్రాయిట్‌కు గంట ప్రయాణం చేసి మరీ చూసొస్తారు.

2023 ఒప్పందం గురించి చెప్పాను. అది ఆటగాళ్లది. కేజ్‌లో బంతులు విసిరే కోచ్‌లు ఆ యూనియన్‌లో లేరు. వాళ్ల జీతం, వాళ్ల సెలవు, వాళ్ల ప్రయాణ ఖర్చు ఇప్పటికీ ఒక్కో సంస్థ ఇష్టం. ఇరవై ఏళ్లు తక్కువ జీతానికి ఆడి, ఆ ఆడిన అనుభవంతో పిల్లలకు నేర్పుతున్న మనుషులు వాళ్లు. ఆటగాళ్ల కోసం కోర్టుదాకా వెళ్లినవాళ్లు, సంతకాలు చేయించినవాళ్లు ఇప్పుడు ఈ కోచ్‌ల సంగతి కూడా ఎత్తుకోవాలని నా కోరిక.